సుఖాసనము: కొండదారుల సైకిలు ప్రయాణమున సీటు సమస్య
(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



సూరతు నగరము తపతీ నది సముద్రమును కలియు చోటికి సమీపమున, సమతలమైన నేలపై వెలసినది. ఇచ్చట సైకిలు త్రొక్కువానికి ఎత్తులన్నియు నదిపై కట్టిన వంతెనలే. సర్దారు వంతెన ఎక్కి దిగినచో ఆనాటికి పర్వతారోహణము ముగిసినట్లే. ఐనను ముఖమును తూర్పునకు త్రిప్పి, 1928లో సత్యాగ్రహము జరిగిన బార్డోలీ మీదుగా, వేడినీటి గుండములకు పేరుపొందిన ఉనాయీ మీదుగా, వాంస్దా, వఘయీలు దాటి పోయినచో సుమారు 160 కిలోమీటర్ల దూరమున సాపుతారా కలదు. అది సహ్యాద్రిపై 900 నుండి 1,000 మీటర్ల ఎత్తున నున్న వేసవి విడిది. వఘయీ వద్ద మొదలగు డాంగ్ అడవి వెదురుపొదలతోను టేకుచెట్లతోను దట్టమై, అంబికా నదిని ప్రక్కన నుంచుకొని పైకి లేచును. చివరి 50 కిలోమీటర్లు మలుపులే, ఎత్తులే. తారురోడ్డు విడిచి లోపలికి పోయినచో గిరిజన గ్రామములను కలుపు ఎఱ్ఱమట్టి బాటలును, రాళ్లు తేలిన వాగుదారులును కలవు. నేడు పర్వత సైకిలు అని పిలువబడు లావు చక్రముల బండి ఇట్టి దారులకే పుట్టినది.

తెలంగాణము నుండి వచ్చి సూరతు మగ్గములపై జీవించు పద్మశాలీ కుటుంబములకు సైకిలు నిత్యావసరము. తపాలా, రైల్వే, ఆదాయపు పన్ను మొదలగు శాఖలలో పనిచేయుచు బదిలీపై ఇచ్చటికి వచ్చిన తెలుగువారికి అది సెలవుదినపు వినోదము. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటునకు సైకిలుపై పోయెడివారను సంగతి తెలిసిన తెలుగువారిలో ఆ వాహనముపై చిన్నచూపు ఎన్నడును లేదు. కావున సైకిలు గొప్పతనమును గూర్చి ఈ సభలో ఉపన్యసింప నక్కరలేదు. నేటి ప్రస్తావన అంతకంటె చిన్నది. అది సైకిలు మీద నుండు జానెడు సీటును గూర్చినది.

రోజుకు ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుండు ఒక ఉద్యోగిని ఊహింపుడు. మంచి బండి కొనినాడు. మూడు నెలలు తెల్లవారుజామున డుమస్ సముద్రతీరము వఱకు పోయివచ్చి కాళ్లు గట్టిపఱచుకొనినాడు. ఒక శనివారము సాపుతారాకు బయలుదేరినాడు. బార్డోలీ వఱకు ఉత్సాహమే. అటుపై కూర్చున్నచోట మంట మొదలైనది. ఉనాయీ చేరుసరికి ఒకసారి కుడివైపునకు, ఒకసారి ఎడమవైపునకు జరుగుచున్నాడు. వాంస్దా దాటినపిమ్మట నొప్పి పోయి తిమ్మిరి వచ్చినది. ఊపిరి బాగున్నది, కాళ్లు బాగున్నవి, ఆకలి బాగున్నది. కూర్చుండుటకు మాత్రము చోటు లేదు. బండిని బస్సుపై వేసికొని ఇంటికి వచ్చి, "ఇది మన వయస్సునకు తగిన పని కాదు" అని తీర్మానించుకొనును. ఆ బండి మేడమెట్ల క్రింద దుమ్ముపట్టి, మరుసటి బదిలీలో ఎవరికో సగము ధరకు పోవును. ఇట్లు విరమించుకొనిన వారిలో పలువురు తమ దేహమును తప్పుపట్టినారే కాని సీటును తప్పుపట్టలేదు. తప్పు చాలమట్టుకు సీటుది. లేదా సీటును బిగించిన తీరుది.

గుఱ్ఱముపై వేయుదానికి తెలుగులో జీను అను చక్కని మాట యున్నది. సైకిలుకు మాత్రము అది అంటలేదు. పల్లెలోను పట్టణములోను అందఱు సీటు అనియే యందురు. ఇంగ్లీషువారు రెంటికిని ఒకే మాట వాడుదురు. దానికి చరిత్రలో కారణమున్నది. సైకిలు సీటును తీర్చిన తొలివారిలో జీనుల పనివారే ముఖ్యులు. 1866లో బర్మింగుహాము నగరమున జాన్ బూల్ట్‌బీ బ్రూక్స్ అనునతడు గుఱ్ఱముల తోలుసామాను తయారుచేయు వ్యాపారమును ప్రారంభించినాడు. 1878లో అతని గుఱ్ఱము చనిపోగా, పనికి పోవుటకు ఒక సైకిలు ఎరవు తెచ్చుకొనినాడు. దాని సీటు అతనిని ఎంత బాధించినదనగా, తన వృత్తివిద్యనంతయు దానిపై ప్రయోగించి 1882లో తోలుసీటుకు పేటెంటు పొందినాడు. ఇనుప చట్రమునకు ముందు వెనుకల బిగించి, నడుమ ఊయెలవలె వ్రేలాడదీసిన దళసరి తోలు అది. ఆ సంస్థ 2002లో ఇటలీవారి చేతికి పోయినది కాని, ఆ తోలుసీటు నేటికిని తయారగుచున్నది. మన దేశమున 1950 దశకమున సొనేపతులోని అట్లాసు, లూధియానాలోని హీరో, మద్రాసు వద్ద అంబత్తూరులో టి.ఐ. వారి హెర్క్యులిస్ బండ్లు ఊరూర తిరుగు కాలమున వాటిపై నుండినది ఈ జాతి సీటే: వెడల్పైనది, క్రింద స్ప్రింగులు గలది. నిటారుగా కూర్చుండి నెమ్మదిగా త్రొక్కు బండికి అది సరిపోయినది. దానిని తెచ్చి పర్వత సైకిలుపై బిగించినచో సరిపోదు. ఆ కారణము ముందు తెలియగలదు.

పర్వత సైకిలు వయస్సు చిన్నది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి టమల్‌పాయిస్ పర్వతముపై 1970 దశకమున కొందఱు యువకులు పాత లావు చక్రముల బండ్లను కొండపై నుండి దొర్లించుచు పందెములు పెట్టుకొనిరి. 1977లో జో బ్రీజ్ ఆ పనికే ప్రత్యేకముగా చట్రము కట్టినాడు. 1981 నుండి కర్మాగారములు పెద్దసంఖ్యలో తయారుచేయసాగినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో అది పోటీక్రీడ అయినది. ఆ తొలి యువకులు కొండ దిగుటకే బండ్లు కట్టినారు. దిగువాడు పెడళ్లపై నిలుచుండును కాని కూర్చుండడు. దినమంతయు కూర్చుండి అదే బండిపై నూఱు కిలోమీటర్లు పోవలెనను కోరిక తరువాత వచ్చినది. అందుచేత పర్వత సైకిలుతో అంగడివారు ఇచ్చు సీటు దూరప్రయాణమును ఉద్దేశించి ఎన్నుకొనబడినది కాదు. బరువు తక్కువగా, ధర తక్కువగా నుండిన చాలునని పెట్టినది. దానిని మార్చుటకు సంకోచింప నక్కరలేదు.

మార్చవలెనని తోచినంతనే నూటికి తొంబదిమంది చేయు పని మెత్తని సీటు కొనుట, లేదా జెల్లీ నింపిన తొడుగు తెచ్చి ఉన్న సీటుపై వేయుట. అంగడిలో బొటనవ్రేలితో నొక్కి చూచి, లోపలికి పోయిన కొలది సంతోషింతురు. ఇందలి పొరపాటు తెలియవలెనన్న మనిషి ఎట్లు కూర్చుండునో చూడవలెను. కటి యెముక అడుగుభాగమున రెండు గుబ్బలున్నవి. గట్టి పీటపై భోజనమునకు కూర్చున్నప్పుడు నేలకు తగులునవి అవియే. దేహభారమును మోయుటకు ప్రకృతి వాటినే నియమించినది. వాటిపై చర్మము, క్రొవ్వు, కండ అమరియున్నవి. ఆ రెంటి నడుమ నున్న మెత్తని ప్రదేశము, యోగశాస్త్రమున మూలాధారమని పేర్కొనబడిన స్థానము, భారము మోయుటకు ఏర్పడినది కాదు. దాని గుండ నరములును రక్తనాళములును పోవుచున్నవి. ఇప్పుడు మెత్తని పరుపుపై ఆ రెండు గుబ్బలు నిలిచినవనుకొనుడు. అవి లోపలికి దిగును. దిగినకొలది నడుమనున్న దూది గుట్టగా పైకి లేచి మూలాధారమును ఒత్తును. మొదటి పది కిలోమీటర్లు హాయిగా నుండి, నలుబదవ కిలోమీటరు వద్ద తిమ్మిరి పుట్టుటకు కారణమిదియే. మన పెద్దలు పరుపుపై పండుకొనిరి కాని, పీటపై కూర్చుండిరి. దూరము పోవు సైకిలు సీటు పీట జాతికి చెందవలెను. పైన కొంచెము మెత్తదనము చాలును.

తిమ్మిరిని గూర్చి ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది. ఇది కుటుంబములతో కూడిన సభ కావున ఇట్టివి పైకి చెప్పుట మన ఆచారము కాదందురేమో. చెప్పకపోవుటచేతనే పలువురు నష్టపోవుచున్నారు. 1997లో బోస్టను నగరమందలి అర్విన్ గోల్డ్‌స్టైన్ అను మూత్రాంగ వైద్యుడు సైకిలు సీటు పురుషుల దాంపత్యజీవనమునకు హాని చేయగలదని హెచ్చరించగా ఆ దేశమున పెద్ద కలకలము రేగినది. భయపడి సైకిలు మానినవారును గలరు. పిమ్మట అమెరికా ప్రభుత్వపు వృత్తిరక్షణ పరిశోధన సంస్థవారు ఈ విషయమును పట్టుకొనిరి. వారు పరీక్షించినది పందెగాండ్రను కాదు, ఉద్యోగధర్మముగా దినమంతయు సైకిలుపై గస్తీ తిరుగు పోలీసులను. ఆ యుద్యోగులు సీటు బాగులేదని సైకిలు మానలేరు గదా! 2008లో వెలువడిన ఆ పరిశోధనలో 90 మంది పోలీసులు ముందు మూతి లేని సీట్లను 6 నెలలు వాడిరి. మూలాధారముపై ఒత్తిడి 66 శాతము తగ్గినది. తిమ్మిరి ఎఱుగమని చెప్పినవారు మొదట 27 శాతము కాగా 6 నెలల పిమ్మట 82 శాతమైరి. మనుష్యులు వారే, ఉద్యోగము అదే. సీటు ఒక్కటే మాఱినది.

2018లో ప్రకటితమైన మఱియొక పెద్ద పరిశీలనలో సుమారు 4,000 మంది సైకిలువారిని, ఈతగాండ్రను, పరుగెత్తువారిని పోల్చి చూచినారు. దాంపత్యారోగ్య విషయమున సైకిలువారు ఇతరులకు తీసిపోలేదని తేలినది. కాని తిమ్మిరి మాత్రము వారిలోనే ఎక్కువ. ప్రయాణకాలమున ఐదవవంతునకు మించి పెడళ్లపై నిలుచుండు వారికి తిమ్మిరి తక్కువయనియు, హ్యాండిలు సీటుకంటె ఎత్తుగా నుండని బండ్లవారికి ఎక్కువయనియు అందే తెలిసినది. కావున భయపడవలసినది లేదు, ఉపేక్షింపవలసినదియు లేదు. నొప్పి సహింపదగినదేమో కాని తిమ్మిరి సహింపదగినది కాదు. అది వచ్చినప్పుడు వెంటనే దిగి నడువవలెను. దిగిన తరువాతను చాలసేపు పోనిచో వైద్యునితో చెప్పవలెను. స్త్రీలకును ఈ బాధ సమానమే. వారి కటి నిర్మాణము వేఱగుటచేత ఇంటిలోని పురుషుని సీటు వారికి మఱింత బాధ కలిగించును. భార్యాభర్తలు ఒకే బండిని వంతులవారీగా వాడుకొను ఇండ్లలో సీటు ఎత్తు మార్చిన చాలునని తలచుట న్యాయము కాదు. ఆమె సీటు ఆమెకు వేఱుగా నుండవలెను.

ఇక ఎవరికి ఎంత వెడల్పు? దీనికి మనిషి లావుతో గాని బరువుతో గాని సంబంధము స్వల్పము. సన్నని మనిషికి గుబ్బల ఎడము ఎక్కువ యుండవచ్చును. స్థూలకాయునకు తక్కువ యుండవచ్చును. కొలిచి చూచుటయే దారి, కొలుచుట అతిసులభము. పార్సిలు పెట్టెలకు వాడు ముడతల అట్ట ముక్కనొకదానిని తీసికొని గట్టి బల్లపై గాని మెట్టుపై గాని పఱచి, పలుచని బట్టలతో దానిపై కూర్చుండవలెను. పాదముల క్రింద రెండు ఇటుకలు పెట్టి మోకాళ్లను కొంచెము ఎత్తి, ముందుకు వంగి, ఒక నిమిషము కదలక యుండవలెను. లేచి చూచిన అట్టపై రెండు గుంటలు కనబడును. కనబడనిచో సున్నపుముక్కను అడ్డముగా రుద్దిన తేటపడును. ఒక గుంట నడిబొడ్డు నుండి రెండవదాని నడిబొడ్డునకు గల దూరమే కావలసిన కొలత. అది పెద్దవారిలో సాధారణముగా 100 నుండి 140 మిల్లీమీటర్ల నడుమ నుండును. స్త్రీలలో సగటున కొంచెమెక్కువ. ఆ కొలతకు 20 నుండి 25 మిల్లీమీటర్లు కలిపిన సీటు వెడల్పు వచ్చును. అట్టపై 120 వచ్చినవారు 143 మిల్లీమీటర్ల సీటుతో ప్రారంభింపవచ్చును. చాలమంది తయారీదారులు ఒకే సీటును మూడు నాలుగు వెడల్పులలో చేయుచున్నారు. అంగడివాడు "ఇది అందఱికి సరిపోవును" అన్నచో మఱియొక అంగడికి పోవుట మేలు.

వెడల్పు కుదిరినను అంతటితో కాదు. కూర్చుండు భంగిమను బట్టి అవసరము మాఱును. నిటారుగా కూర్చున్నవాని భారమంతయు సీటుపైననే పడును. వానికి వెడల్పు, స్ప్రింగులు హితము. ముందుకు వంగినవాని భారము చేతులు, కాళ్లు, సీటు మూడును పంచుకొనును; కటి ముందుకు దొర్లుటచేత గుబ్బల సన్నని భాగము సీటును తాకును. అట్టివానికి పాతకాలపు వెడల్పు సీటు తొడలను ఒరయును. అట్లాసు బండి సీటు కొండబండికి పనికిరాకపోవుట ఇందువలననే. పర్వత సైకిలుపై మనిషి ఒకే భంగిమలో నుండడు. సమతలమున సీటు వెనుకభాగముపై కూర్చుండును. ఎత్తు నిక్కముగా నున్నప్పుడు ముందుచక్రము నేల విడువకుండుటకై మూతివైపునకు జరిగి వంగును. దిగునప్పుడు లేచి, నడుమును సీటుకు వెనుకగా తీసికొనిపోవును. కావున సీటు పైభాగము ముందు వెనుకలకు జరుగుటకు అనుకూలముగా కొంచెము చదునై యుండవలెను. అంచులు గుండ్రనై, లేచినప్పుడు లాగుకు తగులుకొనకుండవలెను. పోలీసులకు మేలుచేసిన మూతిలేని సీటు ఇచ్చట అంతగా పొసగదు; రాళ్లదారిలో తొడలతో బండిని అదుపుచేయుటకు ఆ మూతియే ఆధారము. నడుమ పొడవునా గాడి గాని రంధ్రము గాని గల సీటు ఉభయతారకము. ఐతే ఆ రంధ్రపు అంచులే కొందఱిని కోయును. రంధ్రము అందఱికి దివ్యౌషధమని చెప్పువారి మాట నమ్మదగినది కాదు.

కొండకు సంబంధించిన సూక్ష్మమొకటి కలదు. ఇంటివద్ద నీటిమట్టపు కొయ్యతో సీటును సమముగా బిగించినాము. నూటికి ఎనిమిది వంతుల ఎత్తుగల దారి ఎక్కునప్పుడు బండి మొత్తము నాలుగున్నర డిగ్రీలు వెనుకకు వాలును. అనగా సీటు మూతి అంతమేర పైకి లేచి మూలాధారమును పొడుచును. సాపుతారా ఎత్తుపై గంటల తరబడి ఇదే జరుగును. అందుచేత కొండప్రయాణమునకు మూతిని ఒకటి రెండు డిగ్రీలు క్రిందికి వంచుట మంచిది. అంతకు మించి వంచినచో మనిషి జాఱుచు, చేతులతో తన్నుకొనుచు, మణికట్టులను నొప్పింపజేసికొనును. ఒక్క డిగ్రీ మార్పు చేతితో తడిమినను తెలియదు, నూఱు కిలోమీటర్లలో తెలియును. మార్పు చేసినప్పుడెల్ల సీటు గొట్టముపై రంగుసుద్దతో గుర్తు పెట్టుకొనుట బుద్ధిమంతుల లక్షణము. ఒకేసారి రెండు మార్పులు చేసినవానికి ఏది మేలుచేసినదో, ఏది కీడుచేసినదో ఎన్నటికి తెలియదు.

ఎత్తు విషయము. సీటు ఎక్కువ ఎత్తైనచో అడుగు పెడలును అందుకొనుటకై నడుము ఇటునటు ఊగును; ఆ ఊపే చర్మమును ఒరసి పుండు చేయును. తక్కువైనచో మోకాలి ముందుభాగము నొచ్చును, కాళ్లు మోయవలసిన భారము కూడ సీటుపైననే పడును. చెప్పులు లేక గోడకు ఆనుకొని నిలిచి, కాళ్ల నడుమ ఒక పుస్తకమును పైకి గట్టిగా అదిమి, దాని పైఅంచు నుండి నేల వఱకు కొలిచి, ఆ కొలతను 0.883తో హెచ్చించినచో పెడళ్ల ఇరుసు నడుమ నుండి సీటు పైభాగము వఱకు ఉండవలసిన ఎత్తు వచ్చును. 80 సెంటీమీటర్లు వచ్చినవారికి 70.6 సెంటీమీటర్లు. ఇది ప్రారంభమునకు మాత్రమే. అడుగున కాలు చాచినప్పుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీల వంపులో నున్నదా యని మిత్రునిచేత చూపించుకొనవలెను. దిగు దారులలో సీటు అడ్డుపడకుండుటకై హ్యాండిలు మీది మీటను నొక్కిన క్రిందికి జాఱి, మరల నొక్కిన పైకి లేచు సీటు గొట్టములు వచ్చినవి. ధర ఎక్కువ. సాపుతారా తారురోడ్డుకు అక్కరలేదు. మట్టిబాటలు దిగువారికి మాత్రము అది విలాసము కాదు, రక్షణ.

సీటు క్రింద రెండు కడ్డీలుండును. సాధారణముగా 7 మిల్లీమీటర్ల లావు. వాటివెంబడి సీటును ముందుకు వెనుకకు జరుపవచ్చును. చేతులు మొద్దుబారుచున్నచో సీటు మిక్కిలి ముందున్నదని అనుమానింపవలెను. మాటిమాటికి మూతిపైకి జాఱుచున్నచో మిక్కిలి వెనుకనున్నదని అనుమానింపవలెను.

బట్టల మాట చెప్పక విడుచుట సూరతులో అపచారము. ఇది సింథటిక్ బట్టల పట్టణము. సాగి మరల ముడుచుకొను నూలును 1958లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్ కనిపెట్టగా, దానితో నేసిన బట్టయే నేడు సైకిలువారి లాగులకు ఆధారము. లోపల మెత్తకుట్టిన లాగు ధరించుట సిగ్గుపడదగిన వేషమేమియు కాదు. అంత బిగుతు లాగుతో గ్రామముల గుండ పోవుటకు మొగమాటమైనచో పైన వదులు నిక్కరు వేసికొనవచ్చును. పర్వత సైకిలువారు పలువురట్లే చేయుదురు. మెత్తదనము సీటులో కంటె లాగులో నుండుట మేలు, ఏలయన అది దేహముతో కదలును, ఒరయదు. ఆ లాగు లోపల వేఱు లోదుస్తు ధరింపరాదు. ధరించినచో దాని కుట్టులే కత్తులగును. ఇది మొదటిసారి వినువారు నవ్వుదురు. రెండవసారి సాపుతారా పోవునప్పుడు పాటింతురు. సూరతు గాలిలోని తేమకు చెమట ఆరదు. చెమటలో నానిన చర్మము త్వరగా చీలును, రోమకూపములు చీము పట్టును. ప్రయాణమునకు ముందు ఒరపిడి తగ్గించు లేపనము రాసికొనుట, చేరినవెంటనే లాగు విప్పి స్నానము చేయుట, ఉతకని లాగు మరునాడు తొడుగకుండుట అను నియమములను తప్పినవాడు ఎంత మంచి సీటు కొనినను సుఖపడడు. గడ్డ లేచి జ్వరము తగిలినచో దానిపై స్వారి కొనసాగించుట వీరత్వము కాదు.

తోలుసీటా, కృత్రిమ పదార్థపు సీటా అను తగాదా సైకిలువారి కూటములలో ఎన్నటికి తెగదు. తోలుసీటు క్రొత్తలో రాయివలె నుండి, కొన్ని వందల కిలోమీటర్లు త్రొక్కిన పిమ్మట యజమాని గుబ్బలకు గుంటలు ఇచ్చి, వానికే కుట్టిన చెప్పువలె అమరిపోవును. అట్లమరిన సీటును విడిచి మఱియొకదానిపై కూర్చుండలేమని ముసలి ప్రయాణికులు చెప్పుదురు. వారి మాట కొట్టివేయదగినది కాదు. కాని తోలుకు నీరు శత్రువు. జూన్ నుండి సెప్టెంబరు వఱకు డాంగ్ అడవిలో కురియు వాన ఎట్టిదో చూచినవారికి తెలియును. గీరా జలపాతము అందమంతయు ఆ నాలుగు నెలలలోనే. తడిసిన తోలుపై కూర్చున్నచో అది సాగి ఊయెలయై మరల తిరిగిరాదు. వర్షాకాలపు పచ్చదనము కొఱకే డాంగు పోవువారు కృత్రిమ సీటును గాని, పైతొడుగును గాని నమ్ముకొనవలెను. తక్కిన ఎనిమిది నెలలు తోలుదే.

దూరము పెరిగినకొలది సీటు పరీక్ష కఠినమగును. 1923 అక్టోబరు 15న బొంబాయి నుండి సైకిళ్లపై బయలుదేరిన ఆరుగురు పార్సీ యువకులలో ఆదీ హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అను ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి, ప్రపంచమును చుట్టి 1928 మార్చి 18న ఇల్లు చేరిరి. మెత్తకుట్టిన లాగులు, జాఱు గొట్టములు లేని కాలమది. 2017లో సైనిక వైద్యాధికారి శ్రీనివాస్ గోకుల్‌నాథ్ అమెరికాను ఒక కొన నుండి మఱియొక కొన వఱకు దాటు సుమారు 4,800 కిలోమీటర్ల పందెమును ఒంటరిగా 12 దినములలోపుగా ముగించి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైనాడు. అతడును కేంద్రప్రభుత్వోద్యోగియే యని ఈ సభవారు గర్వింపవచ్చును. ఇట్టివారి నుండి సామాన్యుడు నేర్చుకొనదగినది వేగము కాదు, లేచి నిలుచుండు అలవాటు. పది పదునైదు నిమిషముల కొకసారి, దారి సమమైనను, పెడళ్లపై లేచి అర నిమిషము నిలిచినచో అణగిన రక్తనాళములు తెఱచుకొనును. ఎల్.టి.సి. పై మనాలి పోయి అచ్చటి నుండి లేహునకు సైకిలుపై పోవలెనను కోరికగల యువోద్యోగులు మన సంఘములో లేకపోరు. సుమారు 475 కిలోమీటర్ల ఆ దారిలో 5,300 మీటర్లు మించిన టంగ్‌లంగ్ కనుమ కలదు. చలికి చర్మము మొద్దుబారి, ఒరపిడి తెలియక పుండ్లు పడు చోటది. క్రొత్త సీటును, క్రొత్త లాగును ఆ దారిలో తొలిసారి పరీక్షింపరాదు. సాపుతారా ఉన్నది అందుకే.

కడపటి చిక్కు ధనమునకు సంబంధించినది. సీటు కొని, నూఱు కిలోమీటర్లు త్రొక్కినగాని సరిపోయినదో లేదో తెలియదు. అన్ని కిలోమీటర్లు త్రొక్కిన సీటును అంగడివాడు తిరిగి తీసికొనడు. అందుచేత సైకిలు అభిమానుల ఇండ్లలో అటకపై మూడు నాలుగు సీట్లు పడియుండుట వింత కాదు. వానిలో ఒక్కటైనను చెడినది కాదు, వేఱొకరికి సరిపోవునది. పెద్ద కాలనీలలో పుస్తకములను మార్చుకొను అలవాటు ఉన్నదిగదా! అట్లే, మన సంఘ కార్యాలయమున పుస్తకాల బీరువా ప్రక్కన ఒక పెట్టె పెట్టి, అటక మీది సీట్లను వెడల్పు వ్రాసిన చీటీ కట్టి అందులో ఉంచినచో, ఒక్కొక్కరు రెండు వారములు ఎరవు తీసికొని పరీక్షింపవచ్చును. తీసికొనువారి అట్ట కొలత, సీటు వెడల్పు, పోయిన దూరము, ఎన్నవ కిలోమీటరు వద్ద ఎచ్చట నొచ్చినదో ఒక నోటుపుస్తకములో వ్రాయించిన చాలును. గుబ్బలున్నచోట మొదటి వారమున కలుగు నొప్పి క్రొత్తకాలి చెప్పు నొప్పి వంటిది, పోవును. నడుమ కలుగునది పోదు. ఆ సీటును పెట్టెలో తిరిగి వేసి ప్రక్కదానిని తీసికొనవలెను. పెట్టెలో ఒక అలెన్ కీల కట్ట, కొలత టేపు, నాలుగు అట్టముక్కలు ఉంచవలెను. అక్టోబరులో వానలు వెనుకబడి, వఘయీ దారి ఆరునాటికి పెట్టె నిండియున్నచో కొంత సౌకర్యము.